నవ్వించిన తుపాకులు

మొన్నటి సంక్రాంతి సెలవులకు మా మనమళ్ళిద్దరూ బెంగుళూరునుంచి హోసూరు వచ్చారు. వస్తూ వస్తూ ఒక ఇంగ్లీషు సినిమాను వెంట తెచ్చారు. దాని పేరు 'హాట్ ఫజ్'. 'ఫజ్' అంటే ఇంగ్లీషువాళ్ళ వీధి భాషలో పోలీసు అట. "తాతా, ఇందులో తుపాకులున్నాయి చూడు, కడుపుబ్బ నవ్వుతావు" అన్నాడు పెద్దవాడు. తుపాకిని చూచి నవ్వడమేమిట్రా అన్నాం మేము. మా ఇంట్లో ఆ వస్తువును గురించి నవ్వులాటగా మాట్లాడే అలవాటు లేదు. ఎందుకు లేదో చివర మనవి చేస్తాం.

నవ్వాం. నిజం ఒప్పుకోవాలి గదా. రెండు గంటలసేపు మేమూ నవ్వాం, పిల్లల అవ్వా నవ్వింది. మధ్యలో ఒకటి రెండు చోట్ల కొంగు కళ్ళకు అడ్డం పెట్టుకున్నది. చర్చి గోపురంమీది రాయి ఒక మనిషి తలమీద పడే దృశ్యం ఒకటి ఉన్నది. అది లేకపోయినా కథకు వచ్చిన లోటు లేదు. 15 ఏళ్ళు నిండనివారు చూడరాదని ఆ దేశపు సెన్సారువారు చీటీ వేశారు. పాఠకులు చిన్నపిల్లలను పక్కన కూర్చోబెట్టుకొనేముందు ఆ సంగతి గమనించాలి. మా చిన్నవాడికి పదహారు నిండాయి గనుక సరిపోయింది.

ఈ చిత్రం 2007లో వచ్చింది. దర్శకుడు ఎడ్గర్ రైట్. కథ వ్రాసినది ఆయనా, నాయక వేషం వేసిన సైమన్ పెగ్ కలిసి. వ్రాయడానికి ముందు ఇద్దరూ కూర్చుని 138 పోలీసు చిత్రాలు చూశారట. యాభైమందికి పైగా నిజమైన పోలీసులను కలిసి ముచ్చటించారట. సినిమాలు చూచి సినిమా తీసేవాళ్ళు ఎక్కడైనా ఉంటారు. ఠాణాకు వెళ్ళి అడిగేవాళ్ళే తక్కువ. ఆ రెండో పని చేసినందువల్లనే ఈ చిత్రంలో తుపాకికి ఒక అర్థం ఏర్పడిందని మా అభిప్రాయం.

కథ సంగ్రహంగా ఇది. నికొలస్ ఏంజెల్ లండను పోలీసు. పనిలో మహా గట్టివాడు. తక్కిన అందరికన్న నాలుగు రెట్లు ఎక్కువ అరెస్టులు చేసి పక్కవాళ్ళను చిన్నబుచ్చుతున్నాడని పై అధికారులే అతన్ని ప్రమోషను పేరుతో సాండ్‌ఫర్డ్ అనే పల్లెకు సాగనంపుతారు. ఆ పల్లె కల్పితం. సినిమా తీసింది సోమర్సెట్ జిల్లాలోని వెల్స్ పట్టణంలో. అది దర్శకుడు పెరిగిన ఊరే. ఆ ఊరికి పెద్ద కథీడ్రల్ చర్చి ఒకటి ఉన్నది. అంత చర్చి కనపడితే పల్లెటూరంటే ఎవరు నమ్ముతారని దానిని తెరమీద కంప్యూటరుతో చెరిపివేశారు. సొంత ఊరి గుడిగోపురాన్ని మాయం చేసి ఊరిని చిన్నది చేసినవాడు ఇతడొక్కడే కాబోలు! మనవాళ్ళయితే లేని గోపురాన్ని కూడా నిలబెడతారు.

సాండ్‌ఫర్డ్‌కు ఏటేటా ఉత్తమ గ్రామ బహుమతి వస్తూ ఉంటుంది. వీధులు అద్దంలా ఉంటాయి, పూలకుండీలు వేలాడుతూ ఉంటాయి. నేరాల పట్టిక చూస్తే సున్న. ప్రమాదాలు మాత్రం లెక్కకు మించి జరుగుతాయి. ఆ ప్రమాదాలన్నీ హత్యలేనని మన ఏంజెల్ కనిపెడతాడు. చేయించేది ఎవరయ్యా అంటే ఊరి పెద్దలే: డాక్టరు, పాదిరి, కిరాణా కొట్టు యజమాని, పానశాల దంపతులు, చివరకు ఠాణా ఇన్‌స్పెక్టరు కూడా. బహుమతి చేజారకుండా ఉండేందుకు ఊరికి మచ్చ తెచ్చేవారిని ఒక్కొక్కరినే తొలగిస్తూ ఉంటారు. 'రోమియో జూలియట్' నాటకం చెడగొట్టిన ఇద్దరు నటులను కూడా చంపివేశారు. ఈ నియమం మన సంఘం వార్షికోత్సవ నాటకాలకు వర్తిస్తే ఈ పత్రికకు చందాదారులు ఎందరు మిగులుతారో ఆలోచించుకోవలసిందే.

ఇక తుపాకుల సంగతి. మనం చూసే పోలీసు చిత్రాలలో ఇన్‌స్పెక్టరు తెరమీదికి వస్తూనే నడుమున రివాల్వరు ఉంటుంది. అది టోపీలాగ, బెల్టులాగ దుస్తులలో ఒక భాగం. ఈ చిత్రంలో అట్లా కాదు. మొదటి గంటలో పోలీసు చేతిలో తుపాకి కనపడడమే అరుదు. ఏంజెల్ మొదట గాయపడేది కత్తివల్ల. అదీ క్రిస్మస్ తాత వేషం వేసిన మనిషి చేతిలో. సాండ్‌ఫర్డ్ చేరిన తరువాత అతను తన కింది కానిస్టేబులు డానీకి నేర్పే మొదటి పాఠం, జేబులో ఉండే నోటుబుక్కే పోలీసుకు ముఖ్యమైన సాధనమని. డానీ నోటుబుక్కు తీసి చూస్తే అందులో కేసుల వివరాలుండవు. కాగితాలు గబగబా తిప్పితే ఒక బొమ్మ మనిషి ఇంకో బొమ్మ మనిషిని కాల్చేటట్టు మూల మూలన గీసి ఉంటుంది.

డానీ ఇన్‌స్పెక్టరుగారి కొడుకు. మంచివాడు, బద్ధకస్తుడు, సినిమా పిచ్చివాడు. లండనునుంచి వచ్చిన పై అధికారిని అతను అడిగే ప్రశ్నలు వినాలి. గాలిలోకి ఎగురుతూ రెండు తుపాకులు ఒకేసారి పేల్చారా? పోనీ, ఒక్కటయినా పేల్చారా? కారులో దొంగను తరుముతూ కాల్చారా? అన్నిటికీ ఏంజెల్ జవాబు ఒక్కటే: లేదు. నిజం పోలీసు బ్రతుకులో అధిక భాగం కాగితాలు నింపడమని చెబుతాడు. దర్శకుడి చమత్కారం ఏమిటంటే, ఆ కాగితాలు నింపడాన్ని, ముద్ర వేయడాన్ని, కలం మూత పెట్టడాన్ని తుపాకిలో తూటాలు నింపే పద్ధతిలోనే టక టక టక మని చూపిస్తాడు.

ఈ హాస్యం అంతా ఒక నిజంమీద నిలబడి ఉన్నది. ఆ నిజం తెలియకపోతే సగం నవ్వు పోతుంది. ఇంగ్లండులో వీధి పోలీసుకు తుపాకి లేదు. 1829లో సర్ రాబర్ట్ పీల్ లండను మహానగర పోలీసు దళాన్ని నెలకొల్పినప్పుడు, వీళ్ళు సైనికులు కారు, పౌరులలోనివారే అని జనానికి తెలియాలని కొయ్య లాఠీ మాత్రం చేతికిచ్చారు. ఆ ఆనవాయితీ నేటికీ నడుస్తున్నది. ఇంగ్లండులోను, వేల్సులోను నూటికి తొంభైమందికి పైగా పోలీసులు తుపాకి లేకుండానే గస్తీ తిరుగుతారు. ఆపద వస్తే ప్రత్యేక శిక్షణ పొందిన సాయుధ దళం కార్లలో వస్తుంది. లండనులో అట్టి కార్లు 1991నుంచి తిరుగుతున్నాయి. ఉత్తర ఐర్లండు సంగతి వేరు, అక్కడి పోలీసులకు మొదటినుంచీ తుపాకులున్నాయి.

పౌరుల విషయంలో కట్టుదిట్టం మరీ ఎక్కువ. 1996 మార్చి 13న స్కాట్లండులోని డన్‌బ్లేన్ అనే ఊళ్ళో ఒకడు చేతి తుపాకులతో ప్రాథమిక పాఠశాలలో చొరబడి 16 మంది పసిపిల్లలను, వారి ఉపాధ్యాయురాలిని కాల్చి చంపాడు. వాడి దగ్గరి తుపాకులన్నీ లైసెన్సు గలవే. ఆ తల్లిదండ్రుల ఉద్యమంతో 1997లో రెండు చట్టాలు వచ్చి, పిస్తోళ్ళూ రివాల్వర్లూ సామాన్య పౌరుల చేతిలో ఉండరాదని దాదాపు పూర్తిగా నిషేధించాయి. రైతులూ వేటగాళ్ళూ పొడవు గొట్టపు తుపాకులు మాత్రం సర్టిఫికెట్టు పొంది ఉంచుకోవచ్చు.

ఇది మనసులో ఉంచుకొని చిత్రంలోని రైతు ఘట్టం చూడండి. ఆర్థర్ వెబ్లీ అనే ముసలి రైతు తనది కాని కంచెను కత్తిరిస్తున్నాడని ఫిర్యాదు వస్తుంది. 'వెబ్లీ' అన్న పేరే ఒక వేళాకోళం. బర్మింగ్‌హాం నగరంలో వెబ్లీ వారి కంపెనీ చేసిన రివాల్వరు 1887నుంచి బ్రిటిషు సైన్యంలో ఉండేది; తెల్లదొరల కాలంలో మన దేశంలోనూ అధికార్ల నడుమున వేలాడింది. ఆ పేరుగల రైతు మాట్లాడే పల్లె యాస ఏంజెల్‌కు ఒక్క ముక్క బోధపడదు. ముసలి కానిస్టేబులు ఒకడు దానిని తన యాసలోకి తిప్పుతాడు. అదీ బోధపడదు. దానిని డానీ మామూలు ఇంగ్లీషులోకి తిప్పుతాడు. ఇంగ్లీషునుంచి ఇంగ్లీషుకు ఇద్దరు దుబాసీలు! ఇది చూచి మేము నవ్విన నవ్వు వేరు. మొన్న పెళ్ళికి బెజవాడనుంచి వచ్చిన వియ్యాలవారు మా అవ్వ మాటలకు అర్థం చెప్పమని మా కోడలివైపు చూడలేదూ? మా కోడలు కోలారు పిల్ల; ఆమె చెప్పింది వాళ్ళకు సగమే తెలిసింది.

రైతు చేతిలో తుపాకి ఉంటుంది. దీనికి లైసెన్సు ఉందా అని ఏంజెల్ అడుగుతాడు. "దీనికి ఉంది" అంటాడు ముసలాయన. 'దీనికి' అన్న మాట పట్టుకొని ఏంజెల్ కొట్టం తలుపు తీయిస్తాడు. లోపల గోడనిండా, నేలనిండా తుపాకులు. మధ్యలో సముద్రంలో ఓడలను పేల్చడానికి వదిలే పాత మైను ఒకటి. అది పనికిరాని తుక్కు అని ముసలాయన దానిని ఒక దెబ్బ వేస్తాడు. అది టిక్ టిక్ మంటుంది. అందరూ పరుగు. అది మాత్రం పేలదు. అంత ఆయుధాగారాన్ని స్వాధీనం చేసుకొని ఠాణా కొట్టులో పెట్టి తాళం వేస్తారు. చూసేవాడు ఆ మైనును మరిచిపోతాడు. దర్శకుడు మరిచిపోడు.

ఆఖరికి ఊరి పెద్దలు ఏంజెల్‌ను చంపబోతారు. డానీ తప్పించి పంపివేస్తాడు. లండనుకు పోయే దారిలో పెట్రోలు బంకు దగ్గర ఆగిన ఏంజెల్‌కు, డానీ చూపించిన పాత సినిమాల డిస్కులు అంగడిలో కనపడతాయి: 1991నాటి 'పాయింట్ బ్రేక్', 2003నాటి 'బ్యాడ్ బాయ్స్ 2'. అక్కడినుంచి వెనుదిరుగుతాడు. ఠాణా కొట్టులోని రైతు తుపాకులన్నీ ఒంటికి తగిలించుకొని, తెల్లగుర్రమెక్కి, నడివీధిలోకి వస్తాడు. జప్తు చేసిన సొత్తును వాడుకోవడం నియమం కాదు గదా అని మా చిన్నవాడు అడ్డుపడ్డాడు. వాడు లా చదవాలని మా కోరిక.

ఇప్పుడు ఊరి పెద్దలు ఒక్కొక్కరూ ఒక్కొక్క ఆయుధం బయటికి తీస్తారు. పదేళ్ళ కిందటే చట్టం నిషేధించిన చేతి తుపాకులు సైతం పూలకుండీల మధ్యనుంచి, సైకిలు బుట్టల పక్కనుంచి వస్తుంటే అక్కడి ప్రేక్షకులు ఎంత నవ్వి ఉంటారో! ముసలమ్మ సైకిలు తొక్కుతూ కాలుస్తుంది. కారు తలుపు తెరవగానే దానికి గుద్దుకొని పడుతుంది. పాదిరిగారి పేరే షూటర్, అనగా కాల్చేవాడు. ఆయన చేతులు చాచి, శాంతి శాంతి అన్నట్టుగా ముందుకు నడిచి, అంగీ చేతులలోనుంచి రెండు బుల్లి పిస్తోళ్ళు జార్చి కాలుస్తాడు. అరచేతిలో దాగే అట్టి పిస్తోలును డెరింజరు అంటారు. అమెరికాలో ఫిలడెల్ఫియా నగరపు హెన్రీ డెరింజర్ అన్న కమ్మరి పేరుమీద వచ్చింది ఆ మాట. 1865లో అబ్రహాం లింకన్‌ను నాటకశాలలో కాల్చింది ఆ జాతి పిస్తోలుతోనే. డాక్టరుగారి తుపాకి పెనుగులాటలో ఆయన కాలినే గాయపరుస్తుంది. నువ్వే డాక్టరువి గదా, చూసుకో అని ఏంజెల్ ముందుకు సాగిపోతాడు. కిరాణా యజమాని వేషం వేసింది టిమొతీ డాల్టన్. ఆయన 1987లోను, 1989లోను జేమ్స్ బాండుగా తుపాకి పట్టినవాడు. ఆ చేత్తోనే ఇక్కడ చక్కెర, చాపత్తి అమ్ముతున్నాడన్నది వేరే నవ్వు.

ఒక సంగతి మాకు రెండోసారి చూసినప్పుడు గాని తట్టలేదు. ఆ వీధి పోరాటంలో వందల తూటాలు పేలతాయి. పోలీసుల తూటాకు చచ్చేవాడు ఒక్కడూ లేడు. ఏంజెల్ వేలాడే కుండీ గొలుసును కొడతాడు, పైనున్న బోర్డును కొడతాడు, కాలో భుజమో చూచి కొడతాడు. చేతిలో అన్ని తుపాకులున్నా వాటిని పోలీసులాగానే వాడుతాడు: మనిషిని పట్టుకొని కోర్టుకు అప్పగించడానికి. కిరాణా కొట్టులోని రాక్షసాకారపు నౌకరును పడగొట్టినది అసలు తుపాకి కానే కాదు. అంతకుముందు తిరునాళ్ళలో గాలి తుపాకితో గురికొట్టి గెలుచుకున్న దూది కోతిబొమ్మను చూపి వాడి చూపు మళ్ళించి, లండనునుంచి ఒడిలో పెట్టుకొని తెచ్చుకున్న పూలమొక్క కుండీతో నెత్తిమీద ఒకటి వేస్తాడు.

నవ్వు ఆగేది ఒక్క చోట. తండ్రి పారిపోతుంటే డానీ గురిపెడతాడు. వేలు కదలదు. అరుస్తూ తూటాలన్నీ ఆకాశంలోకి పేల్చివేస్తాడు. 'పాయింట్ బ్రేక్' లో నాయకుడు స్నేహితుణ్ణి కాల్చలేక చేసిన పనే అది. మొదట్లో డానీ నోట సరదా ప్రశ్నగా వచ్చినదే ఇక్కడ కొడుకు దుఃఖమయింది. అవ్వ అప్పుడు నవ్వలేదు, మేమూ నవ్వలేదు.

చివరి తుపాకి అన్నిటికన్న పాతది. దాని పేరు బ్లండర్‌బస్. పొట్టి గొట్టం, ఊదే బాకాలాగ విచ్చుకున్న మూతి. రెండు మూడు వందల ఏళ్ళ కిందట దొంగల భయంవల్ల టపాబండి కాపలావాళ్ళు దానిని ఒళ్ళో పెట్టుకొని కూర్చొనేవారు. అంతా ముగిసిందని పోలీసులు ఠాణాలో కాగితాలు నింపుకుంటుండగా, మిగిలిపోయిన ముసలి పెద్దమనిషి ఒకడు దానితో లోపలికి వచ్చి ఏంజెల్‌మీద పేలుస్తాడు. డానీ అడ్డంపడి ఆ దెబ్బ తాను తింటాడు. పేల్చినవాడు వెళ్ళి పడేది ఎక్కడనుకున్నారు? రైతు కొట్టంలోనుంచి తెచ్చిపెట్టిన ఆ సముద్రపు మైనుమీద. తుక్కు అన్నది తుక్కు కాదు, లోపల మందు ఉన్నది. ఠాణా మొత్తం లేచిపోతుంది. డానీ బ్రతికాడా లేదా అన్నది చూడనివారికోసం దాచి ఉంచుతాం.

సినిమా అయిపోయిన తరువాత చిన్నవాడు అడిగాడు: "తాతా, అవి నిజం తుపాకులేనా?"

కొన్ని రబ్బరువి, కొన్ని నిజం యంత్రాలే. నిజంవాటిలో ఉత్త తూటా పెడతారు. ఉత్త తూటా అంటే ఏమీ లేనిది కాదు. ఇత్తడి గుల్ల, దాని అడుగున నిప్పు పుట్టించే మందు, పైన మందుగుండు అన్నీ ఉంటాయి. ముందుండే సీసపు గుండు మాత్రం ఉండదు. పేల్చితే మంట, చప్పుడు, వేడిగాలి బయటికి వస్తాయి. ఆ గాలి దగ్గరనుంచి తగిలితే చాలు. 1984 అక్టోబరులో జాన్ ఎరిక్ హెక్సమ్ అనే అమెరికా యువనటుడు షూటింగు విరామంలో విసుగు పుట్టి, ఉత్త తూటాలే గదా అని రివాల్వరును కణతకు ఆనించి మీట నొక్కాడు. ఆరు రోజులకు పోయాడు.

బ్రూస్ లీ కుమారుడు బ్రాండన్ లీ 1993 మార్చి 31న పోయిన తీరు ఇంకా విచిత్రం. తుపాకిలో తూటాలున్నట్టు కెమేరాకు కనపడాలని నిజం తూటాలలో మందు పారబోసి గుండును తిరిగి బిగించారు. అడుగున నిప్పు పుట్టించే మందు మాత్రం మిగిలిపోయింది. మీట నొక్కినప్పుడు ఆ కాస్త మందు గుండును గొట్టంలోకి నెట్టి అక్కడే ఇరికించింది. ఎవరూ గొట్టంలోకి తొంగిచూడలేదు. మరొకనాడు అదే తుపాకిలో ఉత్త తూటా పెట్టి నటుడివైపు కాల్చారు. ఉత్త తూటా ఇరుక్కున్న గుండును తరిమింది. రెండూ విడివిడిగా ప్రాణం తీయనివే. 2021 అక్టోబరు 21న న్యూ మెక్సికోలో 'రస్ట్' అనే చిత్రం షూటింగులో హలీనా హచిన్స్ అనే కెమేరా కళాకారిణి చనిపోయింది. అక్కడ తుపాకిలో ఉన్నది ఏకంగా నిజం తూటాయే. ఆయుధాల బాధ్యత చూసినామెకు 2024లో శిక్ష పడింది. అప్పటినుంచి కొందరు నిర్మాతలు ఉత్త తూటాలు కూడా మాని, మంటను కంప్యూటరుతో అతికించుకుంటున్నారు.

తమిళనాట ఉన్న మనకు ఇంకొక జ్ఞాపకం ఉన్నది. 1967 జనవరి 12న మద్రాసులో, రామావరం ఇంట్లో, నటుడు ఎం. ఆర్. రాధా తుపాకితో ఎం. జి. రామచంద్రన్‌ను కాల్చాడు, తననూ కాల్చుకున్నాడు. ఇద్దరూ బ్రతికారు. రామచంద్రన్ గొంతు మాత్రం తిరిగి మునుపటిలా కాలేదు. ఆ ఏడే వచ్చిన 'కావల్కారన్' చిత్రంలో దెబ్బకు ముందరి గొంతు, తరువాతి గొంతు రెండూ వినిపిస్తాయని మా నాన్నగారు చెబుతుండేవారు. తెరమీద ఎన్ని తూటాలు తప్పించుకున్నాడో లెక్కలేని మనిషి ఆయన.

మా ఇంటి సంగతి చెబుతామన్నాం. మా తాతగారికి ఒంటి గొట్టం తుపాకి ఒకటి ఉండేది, లైసెన్సు గలది. మా వైపు రాగి చేలల్లో అడవిపందులు పడేవి, అందుకు. ఎన్నికలు వచ్చినప్పుడల్లా దానిని ఠాణాలో అప్పగించి రసీదు తెచ్చుకోవాలి. ఆ పద్ధతి ఇప్పటికీ ఉన్నది. ఆ ఠాణాలోని పోలీసుల చేతుల్లో కూడా అప్పుడు పెద్ద ఆయుధాలేమీ లేవు. పొడుగాటి త్రీనాట్‌త్రీ తుపాకి అంటే మా పిల్లలకు ఐరావతంతో సమానం. ఉత్తర ప్రదేశ్ పోలీసులు దానికి 2020 రిపబ్లిక్ దినంనాడు వీడ్కోలు చెప్పారని చదివినప్పుడు మాకు ఆ ఠాణా వరండా గుర్తుకొచ్చింది.

ఒక ఆయుధ పూజనాడు తాత ఆ తుపాకిని దించి, నూనె గుడ్డతో తుడిచి, పసుపు కుంకుమ పెట్టి, కొడవళ్ళ పక్కన, నాగలి కర్రు పక్కన గోడకు ఆనించాడు. ఉత్తదే అన్నాడు. ఉత్తదని ఆయన మనస్ఫూర్తిగా నమ్మాడు. మాకప్పుడు పదేళ్ళు. మా చిన్నాయన కొడుకుకు పన్నెండు. పెద్దలు భోజనాలకు కూర్చున్నారు. వాడు పోలీసు, మేము దొంగ. వాడు తుపాకి ఎత్తి, చేతులు పైకెత్తరా అన్నాడు. మేము పక్కింటి మేకపిల్ల అరిస్తే అటు తిరిగి వంగాం. అంతే గుర్తు. ఇల్లంతా పొగ. చెవుల్లో గంట. అవ్వ చేతి గరిటె కిందపడిన చప్పుడు కూడా మాకు వినపడలేదట.

గుండ్లు మా తలమీదుగా పోయి నట్టింటి ద్వారబంధంలో దిగాయి. తాత మమ్మల్నెవరినీ కొట్టలేదు. ఆ రాత్రి అన్నం తినలేదు. తెల్లవారి తుపాకిని దుప్పటిలో చుట్టి ఠాణాకు తీసుకుపోయాడు. రసీదు తెచ్చుకోలేదు. మా చిన్నాయన కొడుకు ఆ తరువాత దీపావళికి కేపుల తుపాకి కూడా ముట్టలేదు. పెద్దవాడై బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాడు. పెళ్ళిళ్ళలో కలిసినప్పుడు మా ఇద్దరికీ ఆ మాట రాదు.

ద్వారబంధంలోని ఆ గుంటలు ఇప్పటికీ ఉన్నాయి. రంగులు వేసేవాళ్ళు వాటిని మైనం పెట్టి పూడుస్తామన్నప్పుడల్లా వద్దని మొదట తాత చెప్పాడు, తరువాత నాన్న చెప్పాడు, ఇప్పుడు మేము చెబుతున్నాం. ఈ కథ మనమళ్ళకు ఆ రాత్రే మొదటిసారి చెప్పాం. ఇద్దరూ లేచి గడప దగ్గరికి వెళ్ళారు. చిన్నవాడు ఒక గుంటలో వేలుపెట్టి చూశాడు. పెద్దవాడు, నువ్వప్పుడు ఎంత ఎత్తు ఉండేవాడివి తాతా అని అడిగి, మా జవాబుకోసం ఆగకుండా, ఆ గుంటలు తన ఒంటికి ఎక్కడికి వస్తాయో అరచేత్తో కొలుచుకున్నాడు. రొమ్ముకు వచ్చాయి.